రత్నం సూది

సిలోను యాత్ర గురించి నేను ఇదివరకే ఒకసారి రాశాను. తిరిగి వచ్చిన నెలలోనే మా చర్చి పత్రికలో మూడు పేజీలు అచ్చయింది. సముద్రం గురించి రాశాను, తేయాకు తోటల గురించి రాశాను, క్యాండీలో బుద్ధుని దంతం దాచిన గుడి గురించి రాశాను. మధ్యలో ఒక వాక్యం ఉంది: "అజాగ్రత్త వల్ల మాలో ఒకరు ఓడ ఎక్కకుండా మండపం ఊళ్లోనే ఆగిపోవలసి వచ్చింది."

ఆ ఒకరు రత్నం. ఆయన ఆగిపోవడానికి కారణం నేను. ఆ సంగతి అప్పుడు రాయలేదు, ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. ఈలోగా చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల చర్చి కుటుంబాల్లో "రత్నం సూది" అన్నది ఒక సామెతగా మారిపోయింది. ఫీజు కట్టే గడువు దాటినా, విత్తనాలు ఆలస్యంగా చల్లినా "రత్నం సూది లెక్క చేసిండు" అంటారు. ఆ సామెత పుట్టింది నా మూడు పేజీల వల్లనే. అందుకే ఆ యాత్రను మళ్లీ మొదటినుంచి రాస్తున్నాను.

చేవెళ్ల

అది అరవై తొమ్మిది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. పిల్లలు బళ్లు వదిలి రోడ్లమీదికి వచ్చారు. పట్నం పోయే బస్సు ఈరోజు నడిస్తే రేపు నడిచేది కాదు. చేవెళ్ల బడిలో నేను భూగోళం చెప్పేవాణ్ని. బడి మూతపడి ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో మొయినాబాద్ చర్చి పెద్దలు ఒక కబురు తెచ్చారు. మద్రాసు టూరు కంపెనీ వాళ్లు పన్నెండు మందిని, వెంట ఒక గైడును ఇచ్చి, సిలోను తీసుకుపోయి చూపిస్తారట. పన్నెండు పేర్లూ ఒకే జాబితా మీద ఉంటాయి. కలిసి పోవాలి, కలిసి రావాలి. అందులో ఎవరూ విడిగా ముందో వెనకో పోవడానికి లేదు.

ఏడేళ్లుగా నల్లబల్ల మీద సిలోను పటం గీస్తున్నవాణ్ని. మామిడికాయలాగా ఉంటుందని పిల్లలకు చెప్పేవాణ్ని. అది చూడబోతున్నానంటే మొదట నిద్ర పట్టలేదు. పన్నెండు మందిలో రత్నం కూడా ఉన్నాడని తెలిశాక నిద్ర పట్టకపోవడానికి కారణం మారింది.

రత్నంది సురంగల్. మిషన్ బంగళాలో వంట చేసేవాడు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. అయినా నేను "రత్నం" అనేవాణ్ని, ఆయన నన్ను "సార్" అనేవాడు. పన్నెండేళ్ల కింద దొర కుటుంబం సిలోనుకు బదిలీ అయితే, వంటవాడిగా ఆయనా, ఆయాగా ఆయన అక్క సుందరమ్మా వెంట పోయారు. తండ్రికి జబ్బు చేసిందని ఆయన ఎనిమిది నెలలకే తిరిగొచ్చాడు. అక్క అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఒకరినొకరు చూసుకోలేదు. మా టూరులో క్యాండీకి ఒక రోజు ఉంది. ఆ ఒక్క రోజు కోసం రత్నం రెండు బర్రెలు అమ్మాడు.

టూరు ఖాయమయ్యాక ప్రతి ఆదివారం ప్రార్థన తర్వాత పోయేవాళ్లంతా చర్చి వరండాలో కూర్చునేవాళ్లం. నేను పటం చుట్ట చంకలో పెట్టుకొని పోయేవాణ్ని. అడిగేవాళ్లంతా రత్నం చుట్టే చేరేవారు.

"ఆడ అన్నం దొరుకుతదా రత్నం?" అనేది మరియమ్మ అవ్వ. మాలో అందరికంటే పెద్దది ఆమే.

"దొరుకుతదవ్వా. గని ఏ కూర జూసినా ఎండుచేప పొడి చల్లుతరు."

చేవెళ్లలో బట్టల దుకాణం ఉన్న విశ్వనాథం సేటు చర్చివాడు కాదు, దేశం చూడాలని మాతో చేరాడు. ఆయనకు గుండె జారింది. "అయితే నా గతేంది?"

"ఫికర్ చెయ్యకుండ్రి సేటూ. బర్రె పెరుగుల తాటిబెల్లం లెక్క నల్లటి పాకం పోసిస్తరు. పది దినాలు గదే తిని నున్నగ తయారై వస్తరు."

అందరూ నవ్వారు. నేను పటం విప్పి, సిలోను ఉత్తర దక్షిణాలుగా ఎన్ని మైళ్లో చెప్పబోయాను.

"సార్, గా పటం మల్ల జూపిద్దురు గని," అంది అవ్వ, "రత్నం, కొండలల్ల జలగలు పడతయంటరు, నిజమేనా?"

పటం చుట్టేశాను. ఎనిమిది నెలలు పొయ్యి ముందు కూర్చొని వచ్చినవాడికి సిలోను గురించి ఏం తెలుసు? నేను చదివిన పుస్తకాల్లో పావు వంతైనా తెలుసా? ఇలా అనుకుంటూ ఇంటికి నడిచేవాణ్ని. నిజానికి ఆయన చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం లేదు. నాకు మంటగా ఉన్నది కూడా అందుకే.

మొయినాబాద్ దగ్గర రాళ్ల అడ్డం

సిలోను పోవాలంటే కలరా సూది వేయించుకొని, ముద్ర వేసిన కార్డు చూపించాలి. కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. నేను చదువుకున్నవాణ్నని అది నా దగ్గర ఉంచారు. ప్రయాణానికి పదిహేను రోజుల ముందు పన్నెండు మందిమీ పట్నం బయలుదేరాం. మొయినాబాద్ దాటామో లేదో దారికి అడ్డంగా రాళ్లు, నినాదాలు చేస్తున్న పిల్లలు. బస్సు ఆగిపోయింది. కంగారుగా దిగబోయిన ఒక ముసలాయన పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన ఎవరో మాకు తెలియదు.

"మీరు పోండ్రి. నేను ఈయన్ని దవాఖానకు తోలుకపోత," అన్నాడు రత్నం. ఎడ్లబండి మాట్లాడి, ముసలాయన కాలు తన ఒళ్లో పెట్టుకొని వెనక్కి పోయాడు. మేం పదకొండు మందిమి కొంత దూరం నడిచి, వేరే బండి ఎక్కి, సూదులు వేయించుకొని వచ్చాం.

ఆ సాయంత్రం రత్నం మా ఇంటికి వచ్చాడు.

"సార్, సూది ఎప్పటిదాంక ఏయించుకోవచ్చో గా కాగితంల జర చూసి చెప్పుండ్రి. రేపే అంటే రేపే పోత. బస్సు లేకుంటే నడిచి పోత."

కాగితం తీశాను. నాలుగో వరుసలో ఉంది. సూది వేసిన ఆరు రోజుల తర్వాతనే కార్డు చెల్లుతుంది. చదివాను. ఇంతలో మా ఆవిడ చాయ తెచ్చి ఆయనకిచ్చి, "అన్నా, ఆడ ఆడోళ్లు పూలు పెట్టుకుంటరా?" అని అడిగింది. ఏడేళ్లుగా ఇంట్లో సిలోను పటం వేలాడుతున్నా ఆమె నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. రత్నం ఆమెకు, అక్కడ పూలు తలలో పెట్టుకునేది తక్కువనీ, దేవుడికి పెట్టబోయే పూలను ముక్కు దగ్గరికి కూడా తేరనీ ఓపికగా చెబుతున్నాడు. ఆమె కళ్లు పెద్దవి చేసుకొని వింటోంది.

నేను కాగితం మడతపెట్టాను.

"తొందరేం లేదు," అన్నాను.

"బతికిచ్చిన్రు సార్. బందులు జర సల్లబడ్డంక పోత."

ఆయన ఆగిపోవాలని ఆ క్షణంలో పథకం వేశానని అనను. ఆగిపోతే బాగుండునని మాత్రం అనుకున్నాను. ఆ తర్వాత రెండు ఆదివారాలు వరండాలో ఆయన ఎదురుగానే కూర్చున్నాను. చెప్పాలనుకుంటే ఒక నిమిషం పని. చెప్పలేదు. రత్నం ప్రయాణానికి ముందురోజు పోయి సూది వేయించుకున్నాడు.

మద్రాసు

రైలు దిగగానే గైడు ఆరోగ్యం ఎదురొచ్చాడు. నల్లగా, సన్నగా, మెడలో ఈలతో ఉన్న తమిళుడు. ఆ ఈల ఊదితే మేం పన్నెండు మందిమీ బడిపిల్లల్లా వరుస కట్టాలి. బడిలో ఈల ఊదేవాణ్ని నేను. ఇక్కడ వరుసలో నిలబడ్డాను.

అరిటాకులో భోజనం పెట్టారు. మన దగ్గర పప్పు, పచ్చిపులుసుతో ముగిసే అన్నం అక్కడ సాంబారు, రసం, మజ్జిగ అని మూడుసార్లు మొదలవుతుంది. మొదటిసారికే కడుపు నింపుకున్న సేటు రెండోసారి అన్నం రాగానే ఆకు మీద చేతులు అడ్డం పెట్టి దాదాపు కొట్లాడాడు. కాఫీ లోతైన గిన్నెలో గ్లాసు పెట్టి ఇచ్చారు. అవ్వ గిన్నె ఎందుకో తెలియక దానిలో చేయి కడుక్కుంది. రత్నం ఆ గిన్నె కడిగించి, కాఫీ అటూ ఇటూ పోసి చల్లార్చి ఆమె చేతికిచ్చాడు. సిలోనులో ఉన్నప్పుడు రత్నం కొంత తమిళం నేర్చుకున్నాడు, గైడూ ఆయనా ఆ భాషలో ఏదో చెప్పుకొని నవ్వుకున్నారు. నన్ను చూసే నవ్వుతున్నారని నాకు గట్టిగా అనిపించింది. గుంపు టూర్లలో పోయేవారికి ఒక మాట చెబుతాను. తోటివాళ్లు కుళ్లు జోకులు వేస్తారని భయపడకండి. మీ లోపలి కుళ్లును మాత్రం పెట్టెలో పెట్టుకొని పోకండి, అది అన్నిటికంటే బరువు.

మండపం

సముద్రం వాసన రైల్లోనే తెలిసింది. సిలోను పోయేవాళ్ల సూది కార్డులు తనిఖీ చేసే మండపంలో అందరినీ దింపి ఒక పొడుగాటి గదిలో కూర్చోబెట్టారు. తెల్లకోటు డాక్టరు మా కార్డులు ఒక్కొక్కటే తిప్పుతూ పోయి, ఒక దాని మీద వేలు ఆపాడు.

"ఎవరిది ఇది?"

రత్నం లేచాడు. డాక్టరు తమిళంలో చెప్పాడు. రత్నం మొహం ముందుగా మారింది, అర్థం మాకు తర్వాత గైడు చెప్పాడు. సూది వేసి నాలుగు రోజులే అయింది. ఇంకా రెండు రోజులు తక్కువ.

గైడు మా వైపు తిరిగాడు. "పోయే ఓడ మళ్లీ మూడు రోజులకి. మీరందరూ ఆగితే ఈయన వస్తాడు. కాని తేయాకు కొండలు, కొలంబో పోతాయి, క్యాండీ ఒక్కటే చూసి తిరగాల. ఆగకపోతే ఈయన పేరు జాబితాలో కొట్టేస్తారు. మీరే చెప్పండి."

"ఆగుదాం," అంది అవ్వ వెంటనే. "కొండలు చూడకుంటే చచ్చిపోతమా?"

సేటు తల గోక్కున్నాడు. మిగతావాళ్లు నా వైపు చూశారు. అన్ని రోజుల్లో మొదటిసారి అందరూ నా వైపు చూశారు.

"ఒక్కరి అజాగ్రత్తకు పదకొండు మంది ఎందుకు నష్టపోవాలి?" అన్నాను.

రత్నం నన్ను చూశాడు. ఎంతసేపో చూడలేదు. చర్చి గంట ఒకసారి కొట్టి మోత ఆగేంతసేపు. తర్వాత అందరి వైపు తిరిగి, "తప్పు నాదే, ఆలస్యం జేసిన. మీరు పోయి రాండ్రి," అన్నాడు. తన మూట విప్పి ఒక జాడీ మామిడికాయ తొక్కు, గుడ్డలో కట్టిన జొన్నపిండి తీసి నా చేతిలో పెట్టాడు.

"మా అక్క క్యాండీ స్టేషన్‌కు వస్తది సార్. గివి ఇయ్యండ్రి. ఎడమ చెవి కాడ కాలిన మచ్చుంటది, ఆనవాలు పట్టొచ్చు."

ఓడ, కొలంబో

పాంబన్ వంతెన మీద రైలు నడక కంటే నెమ్మదిగా పోతుంది, కింద రెండు పక్కలా నీళ్లే. ఓడలో అవ్వ కక్కుకుంది. సేటు దేవుళ్లందర్నీ పిలిచాడు, చివరికి ఏసయ్యను కూడా. నాకు ఏమీ కాలేదు. నిజం చెబితే ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాను. గైడు జాబితా నా చేతికిచ్చి లెక్క చూడమన్నాడు. పదకొండు పేర్లు చదివాను, గీత కొట్టిన పన్నెండోది చదవలేదు.

కొలంబోలో మేం దిగింది ఆదివారం. ఆశ్చర్యమేమిటంటే బళ్లు, దుకాణాలు, ఆఫీసులు అన్నీ తెరిచే ఉన్నాయి. అక్కడ చంద్రుణ్ని బట్టి సెలవు, పున్నమికీ అమాసకీ అష్టములకీ. క్రైస్తవులు తెల్లవారకముందే చర్చికి పోయి, అటునుంచి అటే పనికి పోతారట. "మన దగ్గర బందులతోని దినాం ఆదివారమే," అన్నాడు సేటు, "వీళ్లకు అసలు ఆదివారమే లేదు."

రోడ్డు పక్క చాయ దుకాణంలో గిన్నె ఆకారంలో అప్పాలు, మీద కొబ్బరి, ఎండుమిరప నూరిన పచ్చడి. చేవెళ్ల కారం తిన్న నాలుకకు కూడా నీళ్లు తెప్పించింది. చాయలో పాలు లేవు, చక్కెర లేదు. అరచేతిలో ఒక బెల్లం ముక్క పెట్టారు, కొరుక్కుంటూ తాగాలి. పసుపుపచ్చటి కొబ్బరిబోండాం ఇరవై అయిదు సెంట్లు. దుకాణం నడిపేది ఒక ముసలి సింహళామె. మా అవ్వా ఆమే భాష లేకుండానే గంటసేపు మాట్లాడుకున్నారు, మోకాళ్లు చూపించుకొని.

సేటు నన్ను అడిగాడు, "సార్, గా పెరుగు, నల్లపాకం ఏడ దొరుకుతయి?" నాకు తెలియదు. తేయాకు కొండల్లో అవ్వ పిక్కకు జలగ పట్టింది. "సార్, ఏం జేయాలె?" అని అందరూ అరిచారు. నాకు తెలియదు. లాగబోయాను, రక్తం కారింది. "రత్నం ఉప్పు మూట కట్టుకొమ్మన్నడు," అని ఏడుపు గొంతుతో అంది అవ్వ. "నా పెట్టెలనే ఉన్నది, తియ్యుండ్రి." ఉప్పు వేయగానే జలగ రాలిపోయింది. సిలోను పొడవు వెడల్పులు ఆ రోజు ఎవరూ అడగలేదు.

క్యాండీ

రైలు సొరంగాల్లోంచి ఎక్కుతూ పోయింది. స్టేషన్‌లో తెల్లచీర కట్టుకున్న ఒక నడివయసు మనిషి పెట్టె పెట్టెకూ తొంగి చూస్తూ నడుస్తోంది. ఎడమ చెవి దగ్గర మచ్చ. చేతిలో మూడంతస్తుల టిఫిను డబ్బా.

"చేవెళ్లోళ్లా?" అంది. తమ్ముడు వచ్చేశాక పదకొండేళ్లుగా ఎవరితోనూ మాట్లాడని మా ఊరి మాట, కొంచెం కూడా మారలేదు. "నా తమ్ముడేడి?"

"మండపం కాడ ఆగిపోయిండమ్మా," అన్నాను. "సూది ఆలస్యంగా వేయించుకున్నడు."

"గదేంది? ఎందుకు ఆలస్యమైంది?"

"ఎన్ని రోజుల ముందు వేయించుకోవాల్నో ఇంగ్లీషు కాగితంల రాసే ఉండె. చూసుకోలేదు."

"వాడు ఇంగ్లీషు చదవలేడు గద సార్," అంది ఆమె. కోపం లేదు, నిజంగా అర్థం కాక అడుగుతోంది. "మీల చదువుకున్నోళ్లు ఎవ్వరు లేకుండెనా?"

అవ్వ తల వంచుకుంది. నేను స్టేషన్ గడియారం వైపు చూస్తూ, రత్నం ఇచ్చిన తొక్కు జాడీ, పిండి మూట ఆమె చేతిలో పెట్టాను.

ఆమే తేరుకొని డబ్బా విప్పింది. "తినుండ్రి, ఆకలి మీదున్నరు." జొన్నలు దొరకవట, తైదపిండితో, అంటే రాగిపిండితో, రొట్టెలు చేసింది. పుంటికూర, అదే గోంగూర. రత్నం ఉత్తరంలో పెట్టి పంపిన గింజలు వేసి ఇంటి వెనక పెంచుకుంటోంది. తమ్ముడికి ఇష్టమని పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసింది. నేను రెండు రొట్టెలు తిన్నాను. ఆ దేశంలో అంతకంటే రుచిగా ఏమీ తినలేదు. ఆ రోజంతా ఆమె మాతోనే తిరిగింది. దంతం గుడిలో జనం తెల్లపూలు పట్టుకొని చప్పుడు లేకుండా నిలబడతారు, మన గుళ్లలా గంటలూ కొబ్బరికాయల మోతా ఉండదు. ఆ నిశ్శబ్దంలో ఆమె ఏడుపు ఒక్కటే వినిపించింది. నా మొదటి వ్యాసంలో ఆ గుడి గురించి ఒక పేజీ ఉంది, ఈ మాట లేదు.

రైలు కదిలేటప్పుడు ఒక చిన్న పొట్లం ఇచ్చింది. ఆమె పెంచిన పుంటికూర గింజలు. "మల్ల వాని చేతికే ఇయ్యి సార్. మొలుస్తయో లేదో రాయమను."

తిరిగొచ్చాక

మొయినాబాద్‌లో బస్సు దిగితే రత్నం బంతిపూల దండలతో నిలబడి ఉన్నాడు, పదకొండు దండలు. నాకు వేసి, పొట్లం తీసుకొని, "అక్క ఎట్లున్నది సార్? లావైందా?" అని అడిగాడు.

"కొంచెం," అన్నాను.

"నవ్విందా?"

"నవ్వింది," అన్నాను. అది ఇంకో అబద్ధం.

మరుసటి ఏడు సుందరమ్మ దొర కుటుంబంతో లండన్ పోయింది. కొన్నేళ్లకు అక్కడే కన్నుమూసింది. పుంటికూర మాత్రం మొలిచింది. రత్నం ప్రతి ఏడూ గింజలు పట్టి అందరికీ పంచుతాడు. మా ఇంటి వెనకా ఉంది. మా ఆవిడ వండుతుంది, నేను తింటాను.

మళ్లీ ఆ వరండా

ఇది పోయిన నెల సంగతి. మా చర్చివాళ్లు ఇరవై మంది గుంపుగా సింగపూర్ పోతున్నారు. అనుభవమున్నవాణ్నని సలహాలు చెప్పమని నన్ను పిలిచారు. ఇన్నేళ్లుగా ఎవరు ఎక్కడికి పోయినా పిలుస్తున్నారు, నేనూ పోయి చెబుతున్నాను, ప్రతిసారీ "రత్నంలా కావద్దు" అనే ముగిస్తున్నాను. ఈసారి రత్నం కూడా వచ్చాడు. కొడుకూ కోడలూ పోతున్నారట. వెనక స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది.

పాత పాస్‌పోర్టు చూపిద్దామని తెచ్చాను. దానిలో కంపెనీవాళ్ల ఆనాటి కాగితం మడత అలాగే ఉంది. నేను మొదలుపెట్టకముందే ఒకావిడ కొత్త కాగితం పట్టుకొచ్చి, "ఇంగ్లీషుల ఉన్నది సార్, జర చదివి చెప్పుండ్రి," అంది. పక్కనున్నతను, "అవునవును, మల్ల రత్నం సూది కావొద్దు," అన్నాడు. అందరూ నవ్వారు. వెనక్కి చూశాను. రత్నం కూడా నవ్వుతున్నాడు. కోడలు మాత్రం నవ్వడం లేదు, ఒళ్లోని చేతుల వైపు చూస్తోంది.

కొత్త కాగితం పక్కన పెట్టి పాతది విప్పాను. వరుసల మధ్యనుంచి నడిచి ఆ స్తంభం దగ్గరికి పోయాను. పెద్దమనిషి ముందు నిలబడి మాట్లాడటం బాగుండదని కింద కూర్చున్నాను. అందరికీ వినబడేలా ఆయనకే చెప్పాను.

"రత్నమన్నా, అరవై తొమ్మిదిల నువ్వు నన్ను చదువుమన్న కాగితం ఇదే. ఇయ్యాల చదువుత, విను. 'సూది వేసిన ఆరు రోజుల తర్వాతనే ఈ కార్డు చెల్లుతుంది.' ఇది నేను ఆనాడే చదివిన. చదివి, తొందరేం లేదన్న. అందరు నిన్నే అడుగుతున్నరని కండ్లు మండి అన్న. నువ్వు ఆగిపోతే బాగుండునని అన్న. మండపం కాడ తప్పు నీ మీదనే వేసిన. మీ అక్క నీ కోసం చేసిన రొట్టె నేను తిన్న. ఆమె నవ్వలే అన్నా, ఆ దినమంత ఏడ్చింది. ఆ సూది నీది కాదు, నాది. నన్ను మాఫ్ చెయ్యి."